చప్పుడు చేయని నీళ్లు

3, సోమవారం

మామయ్యని ఇంటికి తెచ్చాం. ముక్కులో గొట్టం తీసేశారు. మనిషి మళ్లీ మనిషిలా ఉన్నాడు. ఆసుపత్రిలో ఉండగా ఆ గొట్టాన్ని ఎడమచేత్తో రెండుసార్లు పీకేశాడు. రెండోసారి పీకాక ఆ చేతిని మంచానికి కట్టేశారు. కుడి చెయ్యి పక్షవాతంతో ఎలాగూ పడిపోయింది. అలా కదలకుండా పడుకుని నా వైపే చూశాడు. ఇంకోసారి నీకు గొట్టం పెట్టనివ్వనని అప్పుడే మాటిచ్చాను. ఆయనకి వినపడిందో లేదో, వినపడినా అర్థమైందో లేదో తెలీదు. నేనైతే ఇచ్చాను.

బయల్దేరే ముందు మాటల మేడం వచ్చి అత్తకీ నాకూ క్లాసు పీకింది. మాట్లాడటం, మింగడం నేర్పడం ఆవిడ ఉద్యోగం. యాభై ఏళ్లు దాటిన మనిషికి మింగడం నేర్పుతుందట. ఏం పెట్టినా గుజ్జుగా మెదిపి పెట్టాలి. నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం ఛాతీకి ఆనేలా దించి మింగించాలి. ఉత్త నీళ్లు చుక్క కూడా ఇవ్వకూడదు. ఒక పొడి డబ్బా చేతిలో పెట్టింది. అది కలిపితే నీళ్లు తేనెలా సాగుతాయి. పలచటి నీళ్లయితే జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయట.

"పోతే దగ్గొస్తుంది కదా, తెలిసిపోతుంది," అన్నాను.

"అందరికీ రాదమ్మా. గొంతులో స్పర్శ తగ్గిన వాళ్లకి దగ్గు లేకుండానే లోపలికి వెళ్లిపోతుంది."

దగ్గు లేకుండా వెళ్లిపోతుందట. మామయ్య షాపులో తొమ్మిదేళ్లుగా పంపులు విప్పుతున్నాను. చెడిపోయిన ప్రతిదీ ఏదో ఒక చప్పుడు చేస్తుంది. స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపలి రోగమంతా చెప్తుంది. అది నేర్పింది ఈ మామయ్యే. మేడంకి పుస్తకాలు నేర్పి ఉంటాయి.

5, బుధవారం

ఒక్క మాట మిగిలింది. పర్లేదు.

"ఆకలేస్తోందా?" "పర్లేదు." "నొప్పిగా ఉందా?" "పర్లేదు." "లైటు తీసేయనా?" "పర్లేదు, పర్లేదు," అంటూ చెయ్యి అడ్డంగా ఊపుతాడు. అత్తని పిలవాలన్నా అదే. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా అదే, కాకపోతే గట్టిగా.

అసలీ మనిషి నోట్లో ఆ మాట ఎప్పుడూ లేదు. నేను బేరింగ్ ఎక్కిస్తే వంకర. బోల్టు బిగిస్తే వదులు. షాపు ఊడిస్తే మూలల్లో దుమ్ము. నా పని చూసి ఒక్కసారి పర్లేదంటాడని ఎన్నేళ్లు చూశానో. ఇప్పుడు పాలు పోసేవాడికి కూడా అంటున్నాడు.

అది ఆయన ఎంచుకుని అంటున్న మాట కాదట. మిగతావన్నీ మూసుకుపోయి అదొక్కటే బయటికి వస్తోందట. అవును, కాదు కూడా తారుమారవుతాయట. తల ఊపితే నమ్మొద్దని, వస్తువు ముందు పెట్టి అడగమని మేడం చెప్పింది. సరే. పెట్టి అడుగుతాను.

7, శుక్రవారం

అత్త వద్దన్నా మామయ్యని చక్రాల కుర్చీలో షాపుకి తీసుకెళ్లాను. గోడల మధ్య కూర్చుంటే ఏ మనిషికైనా పిచ్చెక్కుతుంది. షట్టర్ ఎత్తగానే వార్నిష్ వాసనకి ముక్కు ఎగబీల్చాడు. బల్ల మీది పనిముట్లని ఒక్కొక్కటే చూశాడు. నేను చోటు మార్చిపెట్టిన పట్టకారు దగ్గర చూపు ఆగింది. పాత చోటికి మార్చాను.

షాపులో మోటార్లకి రాగితీగ చుట్టే వైండింగ్ బాబాయ్, ఉదయమంతా కూర్చుని చుట్టిన కాయిల్ తెచ్చి ఒళ్లో పెట్టాడు. మామయ్య ఎడమచేత్తో తిప్పి తిప్పి చూసి, "పర్లేదు," అన్నాడు.

"ఇరవై ఏళ్లయిందిరా నీ దగ్గర చేరి. ఇప్పుడా అంటావు ఆ మాట," అన్నాడు బాబాయ్. నవ్వాడు. తర్వాత వెనక గదిలోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ కాయిల్లో రెండు చుట్లు పైకి లేచి ఉన్నాయి. మామయ్య బొటనవేలు సరిగ్గా అక్కడే ఆగి నొక్కుతోంది. నేను చూశాను. లోపల మనిషి ఉన్నాడు. మొత్తం ఉన్నాడు.

10, సోమవారం

ఆ చిక్కటి నీళ్లు తాగడం లేదు. నోట్లో పెడితే పెదవి పక్కనుంచి వదిలేస్తున్నాడు. అత్త తుడుస్తుంది, మళ్లీ పెడుతుంది, మళ్లీ వదిలేస్తాడు. పెదాలు పగిలాయి. మూత్రం టీ రంగులో వస్తోంది. నాలిక మీద తెల్లగా పొర కట్టింది.

మేడంకి ఫోన్ చేశాను. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వమంది, చల్లగా ఇచ్చి చూడమంది, రుచి కలిపి చూడమంది.

"మీరు తాగి చూశారా అది?" అన్నాను.

"తాగానమ్మా. బాగోదు. తెలుసు."

ఫోన్ పెట్టేశాను.

11, మంగళవారం

మధ్యాహ్నం అత్త స్నానానికి వెళ్లింది. నేను షాపు నుంచి చెమటలు కారుతూ వచ్చి సీసా ఎత్తి తాగుతున్నాను. మామయ్య చూస్తున్నాడు. నన్ను కాదు, సీసాని. నా గొంతు కదులుతుంటే దానితోపాటే ఆయన గొంతూ కదులుతోంది.

వస్తువు ముందు పెట్టి అడగమన్నారు కదా. పెట్టాను. ఒక పక్క గిన్నెలో చిక్కటి నీళ్లు, ఇంకో పక్క సీసా. ఎడమచేత్తో సీసా పట్టుకున్నాడు. ఇంకేం కావాలి? దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాను. గడ్డం దించాను. చెంచాడు పోసి గొంతు పక్కన చెవి ఆనించాను.

గుటక వినిపించింది. ఒక్కటే గుటక, శుభ్రంగా. దగ్గు లేదు, పొలమారలేదు. ఇంకో చెంచాడు. తర్వాత గ్లాసులో అడుగున కాసిని పోసి ఇచ్చాను. కళ్లు మూసుకుని తాగాడు. తాగాక ఎడమచేత్తో నా చెవి పట్టుకుని మెల్లిగా లాగాడు. నేను చిన్నప్పుడు మంచి పని చేస్తే అలా లాగేవాడు.

"బాగుందా?"

"పర్లేదు."

అత్త వచ్చేసరికి గ్లాసు కడిగేశాను. దాచడానికి కాదు. ఆవిడకి ఊరికే భయాలు ఎక్కువ.

12, బుధవారం

ఈ రోజు కూడా. దగ్గు లేదు.

14, శుక్రవారం

నిన్నా, ఈ రోజూ ఒక్కో గ్లాసు. దగ్గు లేదు. మూత్రం రంగు తేలింది. అత్త సంబరపడిపోతోంది. "పొడి పడుతోందే ఆయనకి," అంటోంది. పడుతోందనుకోనీ.

మోటారు బాగుంటే ఎలా తిరుగుతుందో నాకు తెలుసు. అసలు తిరుగుతున్నట్టే ఉండదు.

15, శనివారం

మాటల మేడం ఇంటికొచ్చింది. బొమ్మలు పరిచి చెంబు ఏది, దువ్వెన ఏది అని అడిగింది. నాలుగింటికి మూడు చూపించాడు. నాకు గర్వంగా అనిపించింది, ఆవిడకి కనపడకుండా. తర్వాత నోరు తెరిచి "ఆ" అనమంది. ఆయన పర్లేదన్నాడు. ఆవిడ తల పక్కకి వంచి ఇంకోసారి అనమంది.

"గొంతు తడిగా పలుకుతోంది. గరగరమంటోంది చూశారా? ఉత్త నీళ్లేమైనా ఇస్తున్నారా?"

"అయ్యో, లేదు మేడం. పొడి కలిపిందే. నా చేత్తో నేనే ఇస్తున్నాను," అంది అత్త.

ఆవిడ అడిగింది అత్తని. నన్ను అడగలేదు.

నాకేం గరగర వినిపించలేదు. ఆ వయసు మగవాళ్ల గొంతులన్నీ అలాగే ఉంటాయి.

17, సోమవారం

ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. నిన్న కిటికీ తెరిచి ఉంచాం, గాలి తగిలి ఉంటుంది. ఈ రోజు నీళ్లు కొంచెమే ఇచ్చాను.

18, మంగళవారం

జ్వరం. ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. ఇప్పటికీ దగ్గు లేదు.

షాపు నుంచి రాగానే ఆటోలో ఎక్కించుకుని వెళ్లాం. అత్త ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను. వెనక్కి తిరగలేదు.

19, బుధవారం

న్యుమోనియా. కుడి ఊపిరితిత్తి కింద భాగమంతా తెల్లగా ఉంది. డాక్టర్ ఫిల్మ్ వెలుతురుకి పెట్టి చూపించాడు. నాకంటే కొంచెం పెద్దవాడు, అంతే. నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చిక్కటివే ఇస్తున్నారు కదా?"

"అవునండీ," అంది అత్త.

"అన్నీ చెప్పినట్టే చేసినా ఇలా అయిందంటే, నోటితో తినడం ఇక సేఫ్ కాదు. మందులతో కొంచెం తేరుకున్నాక పొట్టలోకి ట్యూబ్ పెట్టేద్దాం. పాలూ నీళ్లూ అన్నీ అందులోంచే."

"ఎన్నాళ్లు?"

"ఇప్పుడే చెప్పలేం. కొంతమందికి ఉండిపోతుంది."

అత్త అక్కడే కుర్చీలో కూలబడింది. ఆదివారం తొందరలో ఉన్నాను, చెంచాలు గబగబా పెట్టాను, నా వల్లే అయింది, నేనే చంపుకున్నాను ఆయన్ని, అని అదే అదే. నేను వీపు నిమిరాను. "నీ వల్ల కాదు అత్తా," అన్నాను.

ఎవరి వల్ల అని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో.

మామయ్య నోటికి మాస్క్ పెట్టారు. ఎడమచెయ్యి మళ్లీ కట్టారు.

20, గురువారం

షాపులో గొడవ. పోయిన వారం నేను రిపేరు చేసి పంపిన బోరు మోటారు కాలిపోయి తిరిగొచ్చింది. తెచ్చినాయన బల్ల మీద దబ్బున పడేసి, "మీ మామయ్య ఉంటే ఇలా అయ్యేది కాదమ్మాయ్," అన్నాడు. నోరు లేచింది నాకు. తిప్పి చూపించాకే పంపానని, చప్పుడు అణువంతైనా లేదని, వీళ్లే అడ్డదిడ్డంగా వాడి ఉంటారని అన్నాను. బాబాయ్ ఆయన్ని సముదాయించి పంపేసి మోటారు విప్పాడు. లోపల్నుంచి నీళ్లు కారాయి.

"సీలు పోయింది. ఒక్కో చుక్కా లోపలికి దిగింది," అన్నాడు.

"చెవి పెట్టి విన్నాను బాబాయ్. చప్పుడే లేదు."

"బేరింగ్ బాగుంటే చప్పుడెందుకు చేస్తుందే? నీళ్లు చేరినా చక్కగానే తిరుగుతుంది, కాలేదాకా. కరెంటు లీకవుతోందేమో మీటరు పెట్టి చూడాల్సింది."

"మామయ్య వినే చెప్పేవాడుగా."

"వినడం గిరాకీ వాళ్ల ముందు. వాళ్లు అటు వెళ్లాక, విన్న ప్రతిదానికీ మీటరు పెట్టేవాడు. నేను చూడలేదా? నువ్వు ముందు సగమే నేర్చుకున్నావు."

ఆ మోటారుని ఎంతసేపు చూశానో. బాబాయ్ టీ తాగుతావా అన్నాడు. వద్దన్నాను. చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను.

21, శుక్రవారం

వెళ్లలేదు ఆసుపత్రికి. పని ఉంది.

పని లేదు. షట్టర్ సగం దించుకుని కూర్చున్నాను.

నేను చెప్పకపోతే ట్యూబ్ పెడతారు. చెప్పినట్టే చేసినా ఇలా అయిందని డాక్టర్ నమ్ముతున్నాడు కాబట్టి పెడతారు. చెప్తే పెట్టకపోవచ్చు. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఏమీ లేదు. అయినా పొద్దుట్నుంచి ఆలోచిస్తున్నాను. అత్త మొహం గుర్తొస్తోంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడ. నేను ఏ తప్పు చేసినా మామయ్య నన్ను తిట్టేవాడు, అత్త మామయ్యని తిట్టేది.

సోమవారం పొద్దున పెడతారట. సంతకానికి రేపు రమ్మన్నారు.

22, శనివారం

చెప్పేశాను.

మేడం మామయ్య గదిలోంచి బయటికి వస్తుంటే ఆపాను. వరండాలో జనం ఉన్నారు. స్ట్రెచర్ తోసేవాళ్లు పక్కకి జరగమంటున్నారు. ఇక మంచి చోటు కోసం చూస్తే మళ్లీ నోరు పడిపోతుందని అక్కడే అన్నాను.

"ఉత్త నీళ్లు ఇచ్చాను. నేనే. అత్తకి తెలీదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"మంగళవారం నుంచి. పోయిన వారం మంగళవారం. రోజూ."

తిడుతుందనుకున్నాను. తిడితే బదులు చెప్పొచ్చనుకున్నాను, సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ గోడకి ఆనుకుంది. కాసేపు కళ్లు మూసుకుంది.

"దగ్గలేదు కదా?"

"లేదు."

"అందుకని ఇచ్చారు."

"గొంతుకి చెవి పెట్టి విన్నాను. మింగుతున్నాడు. నాకు వినపడింది."

"మింగుతాడు. మింగినదంతా ఎటు పోతోందో చెవికి తెలీదు. నాకూ తెలీదు, అందుకే ఎక్స్‌రేలో చూస్తాం. డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడతాను. పరీక్ష అయ్యేదాకా ట్యూబ్ ఆపమంటాను. కానీ ఒకటి వినండి. మీరు చెప్పినంత మాత్రాన ట్యూబ్ తప్పిందని కాదు. చిక్కటివి కూడా అటే పోతుంటే పెట్టాల్సిందే."

"సరే."

"అప్పుడు మీరు అడ్డం పడకూడదు."

మామయ్యకి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. సరే అన్నాను.

వెనక్కి తిరిగితే అత్త. చేతిలో ఫ్లాస్కు. ఎప్పట్నుంచి నిలబడి ఉందో.

"ఆయన అడిగాడా?" అంది.

"సీసా వైపు చూశాడు."

"చూస్తే ఇచ్చేస్తావా?"

ఇంకో స్ట్రెచర్ వస్తే గోడవైపు జరిగాను.

"నా వైపూ అలాగే చూశాడే. రోజూ చూశాడు," అంది. ఫ్లాస్కు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

23, ఆదివారం

అత్త మాట్లాడటం లేదు. అన్నం మాత్రం వడ్డించింది.

26, బుధవారం

ఎక్స్‌రే గదిలో పరీక్ష. మేడం నాకు బరువైన ఏప్రన్ తొడిగి అద్దం వెనక నిలబెట్టింది. అత్త రానంది. "నువ్వు చూడు," అంది. శనివారం తర్వాత నాతో అన్న మొదటి మాట అదే.

మామయ్యని పక్కకి తిప్పి కూర్చోబెట్టారు. తెర మీద దవడ, మెడ ఎముకలు, గొంతు. మందు కలిపిన నీళ్లు నల్లగా కనపడతాయట. ముందు గొట్టం ఊపిరిది, వెనక గొట్టం అన్నానిది అని మేడం వేలితో చూపించింది.

మొదట పలచటి నీళ్లు, ఒక్క చెంచాడు. నాలిక మీద నుంచి జారింది. గొంతు పైకి లేచి మూసుకోవడానికి ఒక క్షణం ఆలస్యమైంది, అంతే. ఆ క్షణంలో ఒక సన్నటి నల్లదారం ముందు గొట్టంలోకి దిగిపోయింది. ఆగలేదు, తొట్రుపడలేదు. మామయ్య మొహంలో ఏ మార్పూ లేదు. నేను దగ్గు కోసం ఎదురుచూశాను. నా గొంతులోనే దగ్గు వచ్చింది.

"ఎలా ఉంది?" అని మేడం ఆయన్ని అడిగింది.

"పర్లేదు."

వారం రోజులు. రోజుకి ఒక గ్లాసు. నేను చెవి పెట్టి వింటూ పోశాను.

తర్వాత చిక్కటివి. నేను తెర వైపు చూడలేదు. ఏప్రన్ అంచు చూస్తూ నిలబడ్డాను. మేడం, "చూడండి," అంది. చూశాను. ముద్దలా కదిలి, నాలిక వెనక ఆగింది. గడ్డం దించమంది. దించాడు. గొంతు లేచింది, మూసుకుంది, ముద్ద వెనక్కి జారిపోయింది. ముందు గొట్టం ఖాళీ. మళ్లీ పెట్టారు. ఖాళీ. ఆ తర్వాత గుజ్జు. కొంచెం అంటుకుని మిగిలింది, రెండోసారి మింగితే అదీ పోయింది.

"ఇలా అయితే నోటితోనే ఇవ్వచ్చు," అంది మేడం. "చిక్కటివే. ప్రతి చెంచాకీ గడ్డం కిందికి, ప్రతి ముద్దకీ రెండుసార్లు మింగడం. వ్యాయామాలు ఉన్నాయి, చూపిస్తాను. కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేద్దాం. ఈలోపు ఇంకోసారి న్యుమోనియా వస్తే మాత్రం నేను ఆపలేను."

"ఉత్త నీళ్లు ఎప్పుడు?"

"చెప్పలేను. ఎప్పటికీ కాకపోవచ్చు."

ఆవిడ మొహాన తలుపు వేయాలనిపించింది. ఆవిడ వల్ల కాదని తెలిసీ అనిపించింది.

అత్త బయట బెంచీ మీద ఉంది. "గొట్టం అక్కర్లేదట," అన్నాను. తల ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊపుతూనే ఉంది. పక్కన కూర్చున్నాను. జరగమనలేదు.

28, శుక్రవారం

ఇంటికొచ్చాం. అత్తకి జ్వరంగా ఉంది, పడుకోమన్నాను. ఇన్నాళ్లు నిద్ర ఏది ఆవిడకి. గదిలోకి వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ఇస్తావా?" అంది.

"ఇవ్వను."

ఇంకా నిలబడింది. నమ్మిందో లేదో. తలుపు మాత్రం పూర్తిగా వేయలేదు.

మామయ్య వంటింటి వైపు చూశాడు. కుళాయి అక్కడి నుంచి కనపడుతుంది. తర్వాత నా వైపు చూశాడు. నా చెవి వైపు చెయ్యి చాచాడు, లాగడానికి. తల వెనక్కి తీసుకున్నాను.

"అవి ఇవ్వను మామయ్యా. ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. నేను చూశాను."

"పర్లేదు," అన్నాడు. మెల్లిగా, బతిమాలుతున్నట్టు. ఈ మనిషి ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు.

"ఇవ్వను."

అప్పుడు గట్టిగా. తర్వాత అదే మాట అరుపుగా. పక్కింటి వాళ్లు కిటికీ తీశారు. నా చేతిలోని గిన్నెని ఎడమచేత్తో కొట్టేశాడు. చిక్కటి నీళ్లు నా చొక్కా మీద, గోడ మీద. అవి కారవు, అంటుకుని ఉంటాయి. నేనూ అరిచాను. ఏమరిచానో రాయను. అత్త గదిలోంచి రాలేదు. వినపడే ఉంటుంది.

గోడ తుడిచాను. ఇంకో గిన్నె కలిపాను. ఉండలు కట్టింది. పారబోసి మళ్లీ కలిపాను. కుర్చీ లాక్కుని మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని చెంచా పెదవుల దగ్గర పెట్టాను. పెదాలు బిగించాడు. కళ్లలోకి చూశాడు, ఆ రోజు సీసాని చూసినట్టే. నేను కళ్లు తిప్పుకోలేదు. అత్త ఈ పని రోజూ ఎలా చేసిందో తెలీదు.

చెయ్యి నొప్పెట్టడం మొదలైంది. చెంచా దించలేదు. ఆయన మొహం అటు తిప్పితే అటు జరిగాను. ఇటు తిప్పితే ఇటు.

చివరికి తెరిచాడు.

"గడ్డం కిందికి."

దించాడు. మింగాడు.

"ఇంకోసారి మింగు."

మింగాడు. నన్ను చూసిన ఆ చూపులో క్షమించడం లాంటిది ఏమీ లేదు. రెండో చెంచా నింపాను.